ఫైబర్ బాక్స్‌కు సొంత రౌటర్ తగిలించడం: ఇంటికీ చిన్న ఆఫీసుకూ పూర్తి వరస

కొత్త రౌటర్ డబ్బా విప్పగానే చాలామంది చేసే మొదటి పని ఫోన్‌లో వైఫై పేరు వెతకడం. నిజానికి అది చివర్లో చేయాల్సిన పని. ముందు వీధిలోంచి లైను సరిగ్గా వస్తోందా చూడాలి. తర్వాత తీగ మీద నెట్ పూర్తి స్పీడుతో వస్తోందా చూడాలి. ఆ రెండూ తేలాకే వైఫై జోలికి వెళ్లాలి. ఈ వరస తప్పితే తప్పు లైనులో ఉందో, తీగలో ఉందో, గాలిలో ఉందో ఎవరూ చెప్పలేరు. కస్టమర్ కేర్ వాళ్లు ‘ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అనడం, మీరు ‘చేశానండీ’ అనడం, అంతటితో సరి.

ఇక్కడ తీసుకున్న సందర్భం మన ఊళ్లలో రోజూ కనిపించేదే. గోడకు కేబుల్ వాళ్లు బిగించిన ఫైబర్ బాక్స్ ఉంది. దాని వైఫై వెనక గదికి అందడం లేదు, లేదా పది ఫోన్లు ఎక్కగానే మొరాయిస్తోంది. అందుకని విడిగా ఒక రౌటర్ కొన్నారు. దాన్ని తగిలించడానికి గంటన్నర పడుతుంది. గోడ వెంట కేబుల్ లాగాల్సి వస్తే ఒక పూట.

1. డబ్బా విప్పే ముందు ఆపరేటర్‌ను అడగాల్సినవి

ఫోన్ చేసి ఈ ఐదూ కాగితం మీద రాసుకోండి. ఆదివారం సాయంత్రం కాకుండా పనిదినాన పొద్దున చేయండి. బ్రిడ్జ్ మార్పు (బాక్స్ తన రౌటర్ పని మానేసి లైనును మీ రౌటర్‌కు దాటించేలా చేయడం) చాలాసార్లు వాళ్ల ఆఫీసు నుంచే జరగాలి.

☐ కనెక్షన్ రకం: పీపీపీఓఈ అయితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కావాలి. డీహెచ్‌సీపీ అయితే ఏమీ అక్కర్లేదు, తీగ పెడితే చాలు.
☐ పీపీపీఓఈ యూజర్‌నేమ్ అక్షరం తప్పకుండా: పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా పట్టింపే. కొన్నిటికి చివర ‘ఎట్’ గుర్తు, కంపెనీ పేరు ఉంటాయి. అది వదిలేస్తే లాగిన్ కాదు.
☐ వీల్యాన్ నంబరు (ఒకే తీగ మీద వచ్చే సేవలను వేరు చేసే గుర్తు) ఉందా, ఉంటే ఎంత?
☐ మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) కట్టేశారా? అంటే పాత పరికరానికి తప్ప మరోదానికి నెట్ ఇవ్వకుండా బిగించారా?
☐ బాక్స్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో పెడతారా? పెడితే దానికి తగిలించిన ల్యాండ్‌లైన్, టీవీ బాక్స్ పనిచేస్తాయా?

ఆఖరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఏపీ ఫైబర్‌నెట్ లాగా నెట్, ఫోను, టీవీ ఒకే లైను మీద వచ్చే కనెక్షన్లలో తొందరపడి బ్రిడ్జ్ చేయిస్తే సాయంత్రం సీరియల్ టైముకి టీవీ ఆగిపోవచ్చు.

2. సరుకులు

☐ రౌటర్. డబ్బా మీద పోర్టుల వివరం చదవండి. ‘10/100’ అని ఉంటే ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా తీగ మీద 94 ఎంబీపీఎస్ దాటదు. ‘10/100/1000’ లేదా గిగాబిట్ అని ఉండాలి. పైన నాలుగు యాంటెన్నాలు నిలబెట్టి కింద వంద ఎంబీపీఎస్ పోర్టులు పెట్టి అమ్మే మోడళ్లు ఇప్పటికీ షాపుల్లో ఉన్నాయి.
☐ క్యాట్ 6 కేబుల్, కొలిచిన దానికన్నా 2 మీటర్లు ఎక్కువ. బాక్సూ రౌటరూ పక్కపక్కనే ఉంటే 1 మీటరు రెడీమేడ్ ప్యాచ్ కార్డు చాలు.
☐ ఆర్‌జే45 జాకులు: రెండు కావాలంటే ఆరు కొనండి. మొదటి రెండూ చేయి తిరగడానికి పోతాయి.
☐ క్రింపింగ్ టూలు, కేబుల్ టెస్టరు. కొననక్కర్లేదు, సీసీ కెమెరాలు బిగించేవాళ్ల దగ్గర దొరుకుతాయి.
☐ మేకు క్లిప్పులు లేదా పీవీసీ కేసింగ్, మార్కర్ పెన్ను, తెల్ల టేపు.
☐ ల్యాన్ పోర్టు (నెట్ తీగ గుచ్చే రంధ్రం) ఉన్న ల్యాప్‌టాప్ లేదా కంప్యూటర్. పోర్టు లేకపోతే యూఎస్‌బీ గిగాబిట్ అడాప్టర్ ఒకటి అరువు తెచ్చుకోండి.

కేబుల్ కొనేటప్పుడు ఒక పరీక్ష. ఒక తీగ ఒలిచి బ్లేడుతో గీకండి. లోపల కూడా రాగి రంగే ఉంటే మంచిది. తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. రెండుసార్లు వంచితే విరుగుతుంది, జాకులో పట్టు నిలవదు, ఆర్నెల్లకు స్పీడు పడిపోతుంది. ధర తక్కువగా ఉండటానికి కారణం అదే.

3. ముందు బాక్స్ లైట్లు చదవండి

ఫైబర్ బాక్స్‌ను కంపెనీవాళ్లు ఓఎన్‌టీ అనో ఓఎన్‌యూ అనో అంటారు. దాని మీద చూడాల్సినవి మూడు లైట్లు.

పవర్: నిలకడగా వెలగాలి.

పాన్: నిలకడగా పచ్చగా ఉంటే బాక్స్ అవతలి ఎక్స్‌ఛేంజ్‌తో మాట్లాడుతోంది. మినుకుతుంటే ఇంకా ప్రయత్నిస్తోంది. ఆన్ చేశాక రెండు మూడు నిమిషాలు ఆగండి. ఐదు నిమిషాలైనా మినుకుతూనే ఉంటే నమోదు కాలేదని అర్థం.

ఎల్‌ఓఎస్: కేబుల్ వాళ్లు ‘లాస్ లైటు’ అనేది ఇదే. ఎర్రగా వెలిగినా మినుకినా వెలుతురు బాక్స్ దాకా రావడం లేదు. ఫైబర్ తెగింది, నలిగింది, లేదా జాక్ వదులైంది. ఈ లైటు ఎర్రగా ఉన్నంతసేపు రౌటర్‌లో ఏం మార్చినా ఉపయోగం లేదు.

ఎల్‌ఓఎస్ వెలిగితే మీరు చేయగలిగినవి ఇంతే. బాక్స్ వెనక పచ్చ జాక్ పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూసి, టిక్‌మనే దాకా నొక్కండి. పసుపు తీగ ఎక్కడైనా తలుపు సందులో నలిగిందా, కుర్చీ కాలి కింద పడిందా, మేకుకు బిగించి కట్టారా చూడండి. వంపు 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం కన్నా తక్కువ ఉండకూడదు. అంటే మిగిలిన తీగను టీ కప్పు చుట్టంత వెడల్పుగా చుట్టాలి, చీపురు కట్టలా బిగించకూడదు. ఇవన్నీ బాగున్నా ఎర్రగానే ఉంటే ఫిర్యాదు పెట్టండి.

జాక్ కొనను వేలితో తాకకండి. చిన్న దుమ్ము రేణువు చాలు సిగ్నల్ పడిపోవడానికి. దాని లోపలికి కంటితో చూడకండి. అందులో వచ్చే లేజర్ కంటికి కనపడదు, అయినా హాని హానే. పచ్చ జాక్‌కు పచ్చ సాకెట్, నీలానికి నీలం. పచ్చ జాక్ కొన ఏటవాలుగా కోసి ఉంటుంది. రెండూ కలిపితే బిగుస్తుంది కానీ వెలుతురు సరిగ్గా దాటదు.

బాక్స్ అడ్మిన్ పేజీ తెరిచే వీలుంటే అందులో ‘ఆర్‌ఎక్స్ పవర్’ (బాక్స్‌కు చేరుతున్న వెలుతురు బలం) చూడండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27కు చేరితే గాలికో వానకో నెట్ పోయి వస్తుంటుంది. లైన్‌మ్యాన్ వచ్చినప్పుడు ఈ అంకె చూపించండి, మాట ముందుకు కదులుతుంది.

ఒక గట్టి మాట: ఫైబర్ బాక్స్ వెనక సూది రంధ్రం రీసెట్ బటన్‌ను ముట్టుకోకండి. రౌటర్ రీసెట్ చేస్తే మీరే మళ్లీ సెట్ చేసుకోవచ్చు. బాక్స్ రీసెట్ చేస్తే కంపెనీ ఎక్కించిన వివరాలు పోయి, మళ్లీ మనిషి వచ్చేదాకా ఇల్లంతా మొబైల్ డేటా మీదే.

4. రౌటర్‌కు చోటు

బాక్స్ ఎక్కడ ఉంటే రౌటర్ అక్కడే పెట్టాలన్న నియమం లేదు. బాక్స్ వీధి గోడకు, రౌటర్ ఇంటి నడిమధ్య, రెంటికీ నడుమ ఒక క్యాట్ 6 తీగ. ఇంతకు మించిన మందు లేదు. రెండు వేలు ఎక్కువ పోసి కొన్న రౌటర్ మూలన కూర్చుని ఇవ్వలేని సిగ్నల్‌ను మామూలు రౌటర్ మధ్యలో ఉండి ఇస్తుంది.

ఎత్తు ఐదారు అడుగులు. నేల మీద వద్దు, సజ్జ మీద అసలే వద్దు. సజ్జ కాంక్రీటు పలక, లోపల ఇనుప చువ్వలు. దాని మీద పెట్టిన రౌటర్ కింద గదికి గొడుగు పట్టినట్టు ఉంటుంది.

దూరంగా ఉంచాల్సినవి: ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, నీళ్ల ట్యాంకు, చేపల తొట్టి. ఇనుము, అద్దం వెనక లోహపు పూత తరంగాలను తిప్పికొడతాయి, నీరు మింగేస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతున్నంతసేపు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని కలవరపెడుతుంది. టీవీ వెనక దాచడం అందానికి బాగుంటుంది కానీ ఆ దిక్కున ఉన్న గదికి సిగ్నల్ సగానికి సగం పోతుంది.

మన వేసవిని కూడా లెక్కలో వేసుకోండి. మామూలు ఇంటి రౌటర్లను 40 డిగ్రీల గది వేడి వరకే తయారు చేస్తారు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మేడ మీది మూసిన గది ఆ అంకెను సులువుగా దాటుతుంది. మధ్యాహ్నం రెండింటికి నెట్ మందగించి రాత్రికి బాగవుతుంటే ముందు వేడిని అనుమానించండి. రౌటర్ మీద గుడ్డ కప్పకండి, సెట్‌టాప్ బాక్స్ మీద పేర్చకండి, చెక్క అల్మరాలో తలుపు మూసి పెట్టకండి.

యాంటెన్నా సిగ్నల్‌ను తన కొన నుంచి కాకుండా పక్కలకు, గారెలా గుండ్రంగా వదులుతుంది. ఒకే అంతస్తు ఇల్లయితే అన్నీ నిలువుగా ఉంచండి. పైన గది ఉంటే ఒకటి రెండు పక్కకు వాల్చండి. వెనక గది వైపు వేలు చూపించినట్టు అన్నిటినీ వంచడం వల్ల లాభం లేదు.

5. తీగ లాగడం, జాక్ కొట్టడం

కరెంటు వైర్ల పైపులోనే ల్యాన్ తీగ దూర్చకండి. అది ప్రమాదం, స్పీడుకూ చేటు. పక్కపక్కన వెళ్లాల్సి వస్తే జానెడు ఎడం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. మొత్తం పొడవు 100 మీటర్లు మించకూడదు. ఇళ్లలో అంత రాదు కానీ ఆఫీసు కాంప్లెక్సులో వస్తుంది.

రెండు కొసల్లోనూ ఒకే రంగుల వరస. జాక్ క్లిప్పు కిందికి, బంగారు పళ్లు పైకి, తీగ దూర్చే వైపు మీ వైపుకు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి:

1 తెలుపు-నారింజ, 2 నారింజ, 3 తెలుపు-పచ్చ, 4 నీలం, 5 తెలుపు-నీలం, 6 పచ్చ, 7 తెలుపు-గోధుమ, 8 గోధుమ.

మెలికలను అరంగుళం కన్నా ఎక్కువ విప్పకండి. ఎనిమిది కొసలూ సమానంగా కత్తిరించి, జాక్ చివరి గోడ తగిలేదాకా నెట్టండి. పై తొడుగు కూడా జాక్ లోపలికి కాస్త వెళ్లాలి, క్రింపింగ్‌లో అదే పట్టు. తొడుగు బయట ఉండిపోతే నెలకల్లా తీగలు ఊడతాయి.

టెస్టరులో 1 నుంచి 8 దాకా లైట్లు వరసగా రావాలి. 4, 5, 7, 8లో ఏ ఒక్కటి రాకపోయినా నెట్ మాత్రం వస్తుంది, కానీ 100 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. వంద స్పీడుకు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. ‘నెట్ వస్తోంది కదా, తీగ బాగానే ఉంది’ అనుకుని ఏళ్ల తరబడి 300 ప్లాన్‌కు డబ్బు కట్టి 94 వాడుకునేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

కొసలకు తెల్ల టేపు చుట్టి ‘బాక్స్ నుంచి’, ‘పై గదికి’ అని రాయండి. ఇప్పుడు అనవసరం అనిపిస్తుంది.

6. బాక్సూ రౌటరూ: ఇద్దరిలో పెద్ద ఎవరు?

ఎక్కువ మంది తడబడేది ఈ మెట్టు దగ్గరే. ఫైబర్ బాక్స్ మామూలుగా తనే రౌటర్ పని కూడా చేస్తుంది, ఇంట్లో పరికరాలకు అడ్రసులు పంచుతుంది. దాని వెనక ఇంకో రౌటర్ పెడితే అదీ పంచుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు యజమానులు. దీన్ని డబుల్ న్యాట్ అంటారు. యూట్యూబ్, వాట్సాప్ నడుస్తాయి కాబట్టి తప్పు తెలియదు. ఆన్‌లైన్ ఆటలు, బయట నుంచి సీసీ కెమెరా చూడటం, ఆఫీసు వీపీఎన్ లాంటివి తేడా చేస్తాయి. బాక్స్ వైఫైలో ఉన్న ఫోనుకు రౌటర్ వైఫైలో ఉన్న ప్రింటర్ కనపడదు.

మూడు దారులున్నాయి.

మొదటి దారి, బాక్స్‌ను బ్రిడ్జ్ చేయడం. బాక్స్ వెలుతురును తీగ సిగ్నల్‌గా మార్చి ఊరుకుంటుంది, మిగతా అంతా మీ రౌటర్ చూసుకుంటుంది. పీపీపీఓఈ వివరాలు రౌటర్‌లో వేయాలి. తీగ బాక్స్ ల్యాన్ 1 నుంచి రౌటర్ వ్యాన్ పోర్టుకు (బయటి నెట్ లోపలికి వచ్చే పోర్టు). అన్నిటిలో శుభ్రమైనది ఇదే, ఆపరేటర్ ఒప్పుకుంటే.

రెండో దారి, రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం. అడ్రసులు బాక్స్ పంచుతుంది, రౌటర్ వైఫై మాత్రం ఇస్తుంది. బ్రిడ్జ్ ఇవ్వని కంపెనీల విషయంలో ఇది తీసుకోండి. సెట్టింగుల్లో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ ఉంటే ఒక నొక్కుడు చాలు. పాత రౌటర్‌లో అది లేకపోతే చేత్తో చేయాలి: రౌటర్ అడ్రస్‌ను 192.168.1.2గా మార్చండి (బాక్స్ 192.168.1.1 అయినప్పుడు), డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పని) ఆపండి, తీగను వ్యాన్‌లో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టండి. ఈ క్రమం ముఖ్యం. తీగ ముందు పెట్టి అడ్రస్ తర్వాత మారుద్దామంటే రెండు పరికరాలకూ ఒకే అడ్రస్ వచ్చి పేజీ తెరుచుకోదు.

మూడో దారి, డబుల్ న్యాట్‌ను అలాగే ఉంచడం. ఆటలు, కెమెరాలు, వీపీఎన్ లేని ఇంటికి ఇది పెద్ద నేరమేమీ కాదు. కానీ రౌటర్ ల్యాన్ అడ్రస్‌ను 192.168.50.1 లాంటి వేరే వరసకు మార్చండి. బాక్స్‌దీ 192.168.1 వరస, రౌటర్‌దీ అదే అయితే నెట్ రాదు.

దారి ఏదైనా బాక్స్ సొంత వైఫైని ఆపేయండి. ఆపకపోతే ఫోన్లు పాత బలహీన సిగ్నల్‌నే పట్టుకుని వేలాడతాయి, తప్పు కొత్త రౌటర్ మీద పడుతుంది.

ఇంకో చిన్న సంగతి. బాక్స్ వెనక నాలుగు పోర్టులున్నా చాలా మోడళ్లలో ఒక్కటే గిగాబిట్, సాధారణంగా ల్యాన్ 1. పక్కదాంట్లో పెడితే మళ్లీ 94 దగ్గరే ఆగుతారు.

7. మొదటి సెట్టింగు, తీగ మీదే

1) ఫోన్‌తో చేస్తుంటే మొబైల్ డేటా ఆపండి. రౌటర్‌లో ఇంకా నెట్ లేదు కాబట్టి ఫోన్ తనంతట తాను డేటాకు మారిపోయి ‘పేజీ రాలేదు’ అంటుంది. ల్యాప్‌టాప్‌ను తీగతో ల్యాన్ పోర్టుకు కలిపితే ఈ గొడవే ఉండదు.
2) బాక్స్ ఆన్ చేసి పాన్ నిలకడ అయ్యాక రౌటర్ ఆన్ చేయండి.
3) రౌటర్ కింద స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్ బ్రౌజర్‌లో కొట్టండి. సాధారణంగా 192.168.0.1 లేదా 192.168.1.1.
4) అడ్మిన్ పాస్‌వర్డ్ కొత్తది పెట్టండి. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, రెండూ ఒకటే పెట్టకండి. వచ్చిన చుట్టాలకు మీరు చెప్పేది వైఫైది. అదే అడ్మిన్‌ది అయితే తాళంచెవి కూడా ఇచ్చినట్టే.
5) దేశం ఇండియా అని, టైమ్ జోన్ 5:30 అని పెట్టండి.
6) వ్యాన్ రకం: ఆపరేటర్ చెప్పిందే. వీల్యాన్ ఉంటే ఆ నంబరు. పీపీపీఓఈకి ఎంటీయూ (ఒక్కో డేటా ముక్క గరిష్ఠ పరిమాణం) 1492.
7) స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ అడ్రస్ వచ్చిందా చూడండి. 0.0.0.0 అని ఉంటే ఇంకా రాలేదు.
8) ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. ఆ ఐదు నిమిషాలు కరెంటు పోకూడదు, కోతల వేళ మొదలుపెట్టకండి.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా వ్యాన్ ఐపీ రాకపోతే ఎక్కువగా మ్యాక్ కట్టే ఉంటుంది, లేదా పాత లాగిన్ ఇంకా వేలాడుతోంది. బాక్స్, రౌటర్ రెండిటినీ ఆపి పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. అప్పటికీ రాకపోతే ఆపరేటర్‌కు ఫోన్ చేసి ‘మ్యాక్ రీసెట్ చేయండి’ అనండి. ఈ మూడు మాటలూ పలికితే పని రెండు నిమిషాల్లో అవుతుంది.

8. వైఫైకి ముందు స్పీడు పరీక్ష

ల్యాప్‌టాప్ తీగతోనే ఉండాలి, దాని వైఫై ఆపాలి. స్పీడ్ టెస్ట్ మూడుసార్లు, వాటిలో ఒకటి రాత్రి తొమ్మిదికి.

ప్లాన్ 200 అయితే 185 నుంచి 205 మధ్య వస్తే లైను బాగుంది. సరిగ్గా 93–95 దగ్గర కదలకుండా నిలిస్తే అది లైను తప్పు కాదు: ఎక్కడో వంద ఎంబీపీఎస్ పోర్టు, విరిగిన జత, లేదా పాత తీగ ఉంది. పొద్దున 200, రాత్రి 40 అయితే ఆపరేటర్ వైపు రద్దీ, రౌటర్ మార్చి లాభం లేదు.

ఫైల్ డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు కనిపించే ‘25 ఎంబీ’ని చూసి మోసపోయామనుకోకండి. అది బైట్లలో. 8తో గుణిస్తే 200.

9. ఇప్పుడు వైఫై

2.4 గిగాహెర్ట్జ్: దూరం వెళ్తుంది, గోడలు దాటుతుంది, నెమ్మది. ఛానల్ 1, 6, 11లో ఒకటి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. వెడల్పు 40 పెడితే స్పీడు పెరుగుతుందని ఆశపడొద్దు. అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ల వైఫైలతో ఢీకొని తగ్గుతుంది. 3, 4, 8 లాంటి మధ్య ఛానళ్లు రెండు వైపులా గొడవే.

5 గిగాహెర్ట్జ్: వేగం ఎక్కువ, రెండు గోడలకే అలసిపోతుంది. ఛానల్ 36–48 లేదా 149–161, వెడల్పు 80. 52 నుంచి 144 మధ్య ఛానళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ సంకేతం అనుమానం వస్తే రౌటర్ ఆ ఛానల్ వదిలేయాలి. విమానాశ్రయం దగ్గర ఉండి 5 గిగా పేరు ఉన్నట్టుండి మాయమవుతుంటే కారణం ఇదే కావచ్చు.

పేర్లు రెండూ ఒకటిగా ఉంచాలా, వేరుగానా? ఫోన్లు, ల్యాప్‌టాప్‌లే ఉన్న ఇంటికి ఒకటే హాయి. స్మార్ట్ బల్బులు, వైఫై కెమెరాలు, పాత ప్రింటర్లు ఉంటే 2.4కు వేరే పేరు పెట్టండి. వాటిలో చాలా భాగం 2.4 తప్ప ఎరగవు, ఉమ్మడి పేరు చూసి తికమకపడతాయి.

☐ భద్రత: డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 మిశ్రమం. పాత పరికరం ఎక్కకపోతే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్. పాతదైన టీకేఐపీ వద్దు.
☐ డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే పద్ధతి) ఆపండి.
☐ బయట నుంచి అడ్మిన్ పేజీ తెరిచే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపండి.
☐ గెస్ట్ నెట్‌వర్క్ పెట్టండి: చుట్టాలు, అద్దెకున్నవాళ్లు, పని మీద వచ్చేవాళ్లు దాంట్లోనే.
☐ పాస్‌వర్డ్ 12 అక్షరాలకు తగ్గకుండా. ఇంటివాళ్లకే అర్థమయ్యే మూడు నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే గుర్తుంటుంది. సొంత ఫోన్ నంబరు పెట్టకండి, వీధిలో పిల్లలు మొదట కొట్టి చూసేది అదే.

రౌటర్ వెనక యూఎస్‌బీ 3 పోర్టులో హార్డ్ డిస్క్ పెడితే 2.4 వైఫై బలహీనపడవచ్చు. అలా అయితే పోర్టును యూఎస్‌బీ 2కు తగ్గించే సెట్టింగు వెతకండి.

10. వెనక గది, పై అంతస్తు

వైఫై ఎనలైజర్ లాంటి యాప్‌తో ప్రతి గదిలో సిగ్నల్ కొలవండి. మైనస్ 50 నుంచి మైనస్ 67 డీబీఎం దాకా వీడియో కాల్‌కు దిగుల్లేదు. మైనస్ 75 దాటితే గీతలు కనిపిస్తాయి, పని జరగదు.

స్లాబు దాటించడం కష్టం. డూప్లెక్స్‌లో కింద ఎంత మంచి రౌటర్ పెట్టినా పై పడకగదికి నీరసంగానే చేరుతుంది. పైకి ఒక క్యాట్ 6 తీగ లాగి, అక్కడ రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా పెట్టండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే, ఛానళ్లు వేరు: కింద 1 అయితే పైన 6.

తీగ లాగే దారి లేకపోతే మెష్ సెట్ (తమలో తాము వైఫైతో మాట్లాడుకునే రెండు మూడు డబ్బాల జట్టు). రెండో డబ్బాను సిగ్నల్ లేని గదిలో పెట్టకండి. సిగ్నల్ ఇంకా బాగున్న చోట, సగం దూరంలో, మెట్ల మలుపు దగ్గర పెట్టండి. లేనిదాన్ని అది పంచలేదు. ప్లగ్గులో గుచ్చే చవక రిపీటరు వినడానికీ చెప్పడానికీ ఒకే రేడియో వాడుతుంది కాబట్టి స్పీడు దాదాపు సగమవుతుంది. సీసీ కెమెరాకో మోటారు స్విచ్‌కో సరిపోతుంది, చదువుకునే పిల్లల గదికి కాదు.

11. కరెంటు

ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోయి అది అందుకునే క్షణంలో కొన్ని బాక్సులు రీస్టార్ట్ అవుతాయి, మళ్లీ నెట్ రావడానికి మూడు నిమిషాలు. దీనికి మినీ యూపీఎస్ పెడతారు. కొనే ముందు మూడు చూడండి.

వోల్టేజి: బాక్స్, రౌటర్ రెండిటి అడాప్టర్ల మీద ఉన్న అంకెలు. ఎక్కువగా 12 వోల్టులే, 9 వోల్టుల రౌటర్లూ ఉన్నాయి. తప్పుదానికి పెడితే కాలుతుంది. ఆంపియర్లు రెండిటివీ కూడితే యూపీఎస్ ఇచ్చేదానికి మించకూడదు. పిన్ను: నడుమ ప్లస్ గుర్తు, రంధ్రం సరిపోవాలి. 2.1 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న బాక్స్‌లో 2.5 ప్లగ్గు దూరుతుంది, కదిపితే ఆగుతుంది.

డబ్బా మీది 8,800 ఎంఏహెచ్ చూసి లెక్క తప్పకండి. ఆ అంకె 3.7 వోల్టుల దగ్గరిది. 8.8ని 3.7తో గుణిస్తే 32.6 వాట్ అవర్లు, నష్టం పోను 27. బాక్స్ 5, రౌటర్ 7 వాట్లు తింటే రెండుంబావు గంటలు వస్తుంది.

పిడుగుల వేళ ప్లగ్గులు పీకేయండి. ఫైబర్‌లో కరెంటు పారదు, కానీ స్తంభం మీది స్విచ్ నుంచి రాగి ల్యాన్ తీగతో కనెక్షన్ ఇచ్చిన వీధులు ఇంకా ఉన్నాయి. అక్కడ ఆ తీగనూ పీకాలి. ఫైబర్ డ్రాప్ తీగ పక్కన ఉండే ఇనుప తీగను ఇంటి బయటే వేరు చేయించండి, లోపలికి తేనివ్వకండి.

12. ఆఫీసు, క్లినిక్, మీసేవ కేంద్రం అయితే

డీహెచ్‌సీపీని 192.168.50.100 నుంచి 199 వరకే పంచమనండి. 10 నుంచి 49 దాకా ప్రింటర్లకు, బయోమెట్రిక్‌కు, కెమెరా రికార్డర్‌కు శాశ్వతంగా కేటాయించండి. ఇది చేయని చోట ప్రతి సోమవారం ‘ప్రింటర్ ఆఫ్‌లైన్’ అని వస్తుంది.

బిల్లింగ్ కంప్యూటర్లు తీగ మీదే ఉండాలి. 8 పోర్టుల గిగాబిట్ స్విచ్ చాలు. ఒక తీగ రెండు కొసలూ పొరపాటున అదే స్విచ్‌లో గుచ్చితే ఆఫీసు మొత్తం నెట్ కుప్పకూలుతుంది. తుడిచేవాళ్లు ఊడిన తీగను ‘ఖాళీ రంధ్రంలో’ పెట్టినప్పుడు జరిగేది ఇదే. వచ్చిపోయేవాళ్లకు గెస్ట్ వైఫై మాత్రమే ఇవ్వండి.

కెమెరాలు బయట నుంచి చూడాలని పోర్టు ఫార్వార్డింగ్ (బయట నుంచి వచ్చేదాన్ని కెమెరా రికార్డర్‌కు పంపే సెట్టింగు) చేసినా రాకపోతే రౌటర్ వ్యాన్ ఐపీ చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆపరేటర్ ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలామందికి పంచుతున్నాడు. రౌటర్‌లో ఎంత తిప్పినా రాదు. స్టాటిక్ ఐపీ (మీకొక్కరికే ఇచ్చే మారని అడ్రస్) కొనండి, లేదా కెమెరా కంపెనీ యాప్ వాడండి.

13. తేడా వస్తే

వైఫై ఉంది, ‘నో ఇంటర్నెట్’ అంటోంది: ముందు ఎల్‌ఓఎస్, తర్వాత వ్యాన్ ఐపీ, తర్వాత బిల్లు గడువు. ఈ వరసలోనే.

కొన్ని సైట్లు తెరుచుకుని బ్యాంకు సైటు ఆగిపోతోంది: ఎంటీయూ 1500 మీద ఉందేమో చూసి 1492 చేయండి.

ఐపీ వచ్చింది, ఏ సైటూ రాదు, వాట్సాప్ మాత్రం నడుస్తోంది: డీఎన్‌ఎస్ (సైటు పేరును అడ్రస్‌గా మార్చే సేవ) తప్పు. 1.1.1.1, 8.8.8.8 పెట్టండి.

రోజుకు నాలుగుసార్లు తనంతట తానే రీస్టార్ట్: అడాప్టర్ వేడెక్కిందా, ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్లగ్గు వదులా? అదే వోల్టేజి, అంతే లేదా ఎక్కువ ఆంపియర్ల అడాప్టర్ పెట్టి ఒక రోజు చూడండి. రౌటర్ పోయిందని పారేసిన వాటిలో చాలావాటికి పోయింది అడాప్టరే.

ఒక్క ఫోన్‌కే నెమ్మది: ఆ ఫోన్‌లో నెట్‌వర్క్‌ను ‘మర్చిపో’ అని నొక్కి మళ్లీ కలపండి. రౌటర్ ముట్టుకోకండి.

పాస్‌వర్డ్ మరిచిపోయారు: రౌటర్ రీసెట్ రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కండి, కాగితం ఎదుట పెట్టుకుని 7వ మెట్టు నుంచి మళ్లీ మొదలు. ఆ కాగితం మీద ఇవి ఉండాలి:

☐ కస్టమర్ ఐడీ, ఆపరేటర్ ఫిర్యాదు నంబరు
☐ పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్
☐ బాక్స్ బ్రిడ్జ్‌లో ఉందా లేదా
☐ రౌటర్ అడ్రస్, అడ్మిన్ పాస్‌వర్డ్
☐ బాగున్న రోజు ఆర్‌ఎక్స్ పవర్, తీగ మీద వచ్చిన స్పీడు, తేదీ

దీన్ని రౌటర్‌కు అతికించకండి. కరెంటు బిల్లుల ఫైలులో పెట్టి, ఇంట్లో ఇంకొకరికి చూపించండి.